వాల్తేరు వెళ్లాలనుకునే సీమ విద్యార్థులతో

(కడపలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, ఇంకొన్ని నెలల్లో డిగ్రీ పూర్తి చేసుకోబోతున్న విద్యార్థులకు నమస్కారం.

పీజీకి ఎక్కడికి వెళ్లాలన్న మాట వచ్చినప్పుడు మన పిల్లల నోట మొదట వినిపించేది తిరుపతి, ఆ తర్వాత అనంతపురం. ఇంటికి దగ్గరగా ఉంటే చాలనుకునేవారికి ఇక్కడి యోగి వేమన విశ్వవిద్యాలయమో, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయమో ఉండనే ఉన్నాయి. విశాఖపట్నం పేరు ఎత్తితే పెద్దవాళ్లు "అంత దూరమా?" అంటారు, పిల్లలు "బీచ్ ఉంటుంది కదా సార్" అంటారు. ఈ రెండు మాటల్లో దేనివల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించి తెలిసేది ఏమీ లేదు. నేను అక్కడ భూగర్భశాస్త్రం చదివి, తిరిగి వచ్చి, ఈ జిల్లాలోనే పాఠాలు చెప్పుకుంటూ గడిపినవాడిని కాబట్టి, సముద్రపుటొడ్డున ఉన్న క్యాంపస్‌లో విద్యార్థి జీవితం ఎలా ఉంటుందో, మనలాంటి మెట్టప్రాంతపు పిల్లలకు దానివల్ల ఒరిగేది ఏమిటో చెప్పమని నన్ను పిలిచారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్కడికి వెళ్లవలసిందే, కానీ విహారానికి కాదు. మన నేలను మనం చదువుకోవడానికి కావలసిన పాఠాలు కొన్ని ఆ సముద్రం దగ్గరే దొరుకుతాయి కాబట్టి వెళ్లాలి.

ముందు చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే విశాఖలో ఆ క్యాంపస్ ఉన్న వాల్తేరు మనది కాదన్న భావన మన ఇళ్లలో ఊరికే పుట్టలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న బెజవాడ కేంద్రంగా ఏర్పడింది. దాని మొదటి ఉపాధ్యక్షుడు, అంటే వైస్ ఛాన్సలర్, చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు. కేంబ్రిడ్జిలో చదువుకున్న మనిషే అయినా, అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ఒక రైతుకోడలి కథను యువకుడిగా ఉన్నప్పుడే కావ్యంగా రాసిన సీమ కవి ఆయన. 1930లో విశ్వవిద్యాలయం వాల్తేరుకు మారింది. ఆ రోజుల్లోనే, సత్యాగ్రహులపై ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన పదవి వదులుకున్నారు. 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ స్థానంలో ఉన్నారు. తర్వాత రామలింగారెడ్డిగారు మళ్లీ వచ్చి 1949 వరకు కొనసాగారు. ఇంతటి విశ్వవిద్యాలయానికి సీమ మనిషి పునాది వేశాడు గాని, సీమ కళాశాలలు మాత్రం దాని కింద కొనసాగకుండా మద్రాసు విశ్వవిద్యాలయం వైపే మొగ్గాయి. మద్రాసు రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊరు. వాల్తేరు అంటే ఆ కాలంలో దేశాంతరం. దూరమొక్కటే కాక, కోస్తావాళ్ల పెత్తనం కింద పడతామన్న అనుమానం కూడా మన పెద్దలకు ఉండేది, ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకిష్టం లేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో, విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి చొప్పున రెండు కేంద్రాలు ఉండాలని రాసుకున్నారంటే ఆ సంగతి ఎంత దూరం వెళ్లిందో గ్రహించవచ్చు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1968లో దాని పీజీ కేంద్రం అనంతపురంలో మొదలై 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. మన పిల్లలకు ఇంటి దగ్గర చదువు దొరికింది, మంచిదే. వాల్తేరు దారి మాత్రం అప్పటినుంచి మరింత మరుగున పడింది.

దానికి తోడు 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం వేరు, నెల్లూరు, రాయలసీమ జిల్లాలు కలిసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం వేరు. ఏ ప్రాంతంలోని సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు స్థానికులకే. కాబట్టి కడప విద్యార్థి వాల్తేరులో సీటు కోరితే మిగిలిన 15 శాతంలోనే పోటీ పడాలి. ఇది అన్యాయమని వాపోవలసిన పని లేదు, ఎందుకంటే ఇదే నియమం తిరుపతిలో మిమ్మల్ని కాపాడుతోంది. అయితే దీని అర్థం, అక్కడికి వెళ్లేవాడు మంచి ర్యాంకుతో వెళ్లాలి. పూర్వం ఏ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష దానిదే. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పీజీసెట్ వచ్చింది, ఆ మొదటి పరీక్ష నిర్వహించింది మన కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమే. ఇక దూరం సంగతంటారా, కడపలో కూర్చుంటే రాజంపేట, రేణిగుంట, తిరుపతి, గూడూరు మీదుగా మధ్యలో మారే పని లేకుండా విశాఖ చేర్చే తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. అనంతపురం వాళ్లకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది.

అక్కడికి చేరాక మనవాళ్లను మొదట ఇబ్బంది పెట్టేది చదువు కాదు, గాలి. మన ఎండ ఒళ్లు మాడ్చే ఎండ, నీడలోకి వస్తే చెమట ఆరిపోతుంది. అక్కడ నీడలో కూర్చున్నా చొక్కా వీపుకు అతుక్కునే ఉంటుంది. హాస్టల్ గదిలో తాడు మీద ఆరేసిన తువ్వాలు మర్నాటికి కూడా పూర్తిగా ఆరదు. ఇంటినుంచి తెచ్చిన ఇనుప పెట్టె గొళ్లానికి కొద్ది నెలల్లోనే తుప్పు పడుతుంది. కాగితంలో పొట్లం కట్టి పంపిన ఉప్పుకారం ముద్దకడుతుంది. సైకిల్ గొలుసుకు నూనె పెట్టకపోతే ఒక వర్షాకాలం దాటదు. కాబట్టి అమ్మలు పంపే పొడులూ శనక్కాయల ఊరిబిండీ గట్టి మూత ఉన్న సీసాల్లోనే పంపాలి. ఇంత చిన్న విషయం సభలో చెప్పాలా అనిపించవచ్చు, కానీ మొదటి నెలలో ఇంటికి తిరిగి వచ్చేయాలనిపించేది ఇలాంటి చిన్న విషయాల వల్లనే.

పొద్దు కూడా అక్కడ వేరుగా నడుస్తుంది. విశాఖ మనకు నాలుగున్నర డిగ్రీల తూర్పున ఉంది; డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు అక్కడ సగటున సుమారు 18 నిమిషాలు ముందు పైకొస్తాడు, అంతే ముందు దిగిపోతాడు. డిసెంబరులో సాయంత్రం క్లాసు ముగించుకుని గ్రంథాలయం మెట్లు ఎక్కేసరికి చీకటి పడుతుంది. సినిమాల్లో చూపినట్టు సముద్రంలోకి సూర్యుడు దిగుతుంటే చూద్దామనుకునేవాళ్లకు నిరాశ తప్పదు, అది తూర్పు తీరం. తెల్లవారుజామున లేవగలిగినవాడికి మాత్రం సూర్యుడు నీళ్లలోంచి లేచి రావడం కనిపిస్తుంది, హాస్టళ్లలో ఆ జాతి వాళ్లు తక్కువ.

క్యాంపస్ వాల్తేరు ఎత్తు మీద ఉంది. సిరిపురం వైపు నుంచి వస్తే ఇన్ గేటు, అవుట్ గేటు అన్నవే అక్కడి గుర్తులు. దక్షిణ ప్రాంగణంలో ఆర్ట్స్, సైన్సు విభాగాలు, ఉత్తరాన ఇంజనీరింగ్ కళాశాల. చినవాల్తేరు పక్కనుంచి కిందికి దిగితే బీచ్ రోడ్డు. రెండో ప్రపంచయుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక ఈ ప్రాంగణాన్ని ఖాళీ చేసి విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు, యుద్ధం ముగిశాక మళ్లీ ఇక్కడికి తెచ్చారు. గణాంకశాస్త్రంలో ప్రపంచం ఎరిగిన సి. ఆర్. రావు ఆ గొడవకు కొద్దిగా ముందు, 1940లో, ఇక్కడే గణితంలో ఎం.ఏ. చేశారు. ఆయన పుట్టింది నాటి బళ్లారి జిల్లాలోని హూవిన హడగలిలో, అంటే సీమకు పాత పేరైన దత్తమండలంలోనే. మనవైపు నేలమీద పుట్టినవాడు అక్కడ చదవలేడన్న భయం ఎవరికైనా ఉంటే ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి.

హాస్టల్ జీవితం గురించి ఎక్కువసేపు మాట్లాడితే నేను కథలు చెప్పడం మొదలుపెడతాను కాబట్టి ఒక్క మెస్ గురించి చెబుతాను. విశ్వవిద్యాలయ హాస్టళ్లలో చాలాకాలంగా ఉన్న డివైడింగ్ పద్ధతిలో, నెలంతా అయిన బియ్యం, పప్పు, కూరగాయలు, గ్యాస్ ఖర్చును మొత్తంగా కూడి, ఎవరు ఎన్ని రోజులు తిన్నారో ఆ హాజరు లెక్కన పంచుతారు. మెస్ కార్యదర్శిగా ఉన్న విద్యార్థి పొద్దున్నే రైతుబజారుకు వెళ్లి టమాటా ధర చూసి రావాలి. రెండు కూరలు పెడితే బిల్లు పెరిగిందని ఒక జట్టు, ఒకటే పెడితే తిండి బాగాలేదని ఇంకో జట్టు నోటీసుబోర్డు దగ్గర వాదించుకుంటారు. ఎంబీఏ వాళ్లకు క్లాసులో చెప్పే వ్యయ నియంత్రణ అంతా ఆ బిల్లులో ఉంటుందనడం అతిశయోక్తి కాదు. మన పిల్లలకు అక్కడ రాగిసంగటి దొరకదు, ఉగ్గాని దొరకదు, చేపల పులుసు మాత్రం అలవాటవుతుంది. సాయంత్రం బీచ్ దగ్గర మురీ మిక్చర్ బండి ఉంటుంది. బండివాడు మరమరాల్లో ఉల్లి, టమాటా తురిమి, వేయించిన శనక్కాయలు, కారం వేసి, నిమ్మకాయ పిండి, డబ్బాలో గలగలా కలిపి కాగితం పొట్లంలో పోసి ఇస్తాడు. గాలికి అది రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది, కొనగానే తినేయాలి.

ఒకే గదిలో పార్వతీపురం మన్యం నుంచి వచ్చినవాడు, అమలాపురం వాడు, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చినవాడు ఉంటే మీరు నాలుగోవారు అవుతారు. పక్క భవనంలో ఆఫ్రికా దేశాల నుంచీ నేపాల్, బంగ్లాదేశ్‌ల నుంచీ వచ్చిన విద్యార్థులు ఉంటారు. మన మాటతీరుకు వాళ్లు నవ్వుతారు, వాళ్ల మాటతీరుకు మనం నవ్వుతాం, నెల తిరిగేసరికి ఎవరి యాసలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండా పోతుంది. నాకు ఇందులో విలువైనదనిపించింది వేరొకటి. నీళ్లంటే మనకు ఎప్పుడూ కొరతే; ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం పిల్లవాడు, నీళ్లు ఎక్కువై పంట పోయిన శ్రీకాకుళం రైతు కొడుకుతో ఒకే గదిలో ఉంటే, కరువు తప్ప వేరే కష్టం లేదనుకునే అమాయకత్వం పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి క్యాంపస్‌లో ఏళ్లనాటి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, నగరం రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేక అల్లాడింది. ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచిక ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటుందని, మూడో నంబరుకూ పదో నంబరుకూ తేడా ఏమిటో తెలుసుకోవాలని మనవాడికి అక్కడి గదిమిత్రుడే నేర్పుతాడు.

గ్రంథాలయం గురించి క్లుప్తంగానే చెబుతాను. 1949 నుంచి 1961 వరకు ఉపాధ్యక్షుడిగా ఉన్న వాసిరెడ్డి శ్రీకృష్ణగారి పేరిట ఉన్న ఆ గ్రంథాలయంలో పుస్తకాలు లక్షల్లో ఉన్నాయి. పోటీ పరీక్షల గైడ్లు ముందేసుకుని కూర్చునేవాళ్లు ఎక్కువ, పాత పరిశోధన పత్రికల అల్మారాల మధ్య తిరిగేవాళ్లు తక్కువ. మీరు రెండోవాళ్లలో ఉండండి, మొదటిది కడపలోనూ చేసుకోవచ్చు.

ఇప్పుడు సముద్రం. దానితో సావాసం మొదలుపెట్టేముందు ప్రాణానికి సంబంధించిన ఒక మాట. ఆర్కే బీచ్‌లో దాదాపు ఏటా విద్యార్థులు మునిగిపోతూనే ఉన్నారు, వాళ్లలో దూరప్రాంతాల నుంచి వచ్చినవారు ఎక్కువగా కనిపిస్తారు. ఒడ్డుకు కొట్టిన అలల నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా; అది ఒక్కోచోట సన్నని పాయగా కూడి బలంగా సముద్రంలోకి లాగుతుంది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. మోసమేమిటంటే, చుట్టూ అలలు విరుగుతున్నా ఆ పాయ ఉన్న చోట నురగ తక్కువగా, నీరు నిదానంగా కనిపిస్తుంది, తెలియనివాడు అదే సురక్షితమని అక్కడే దిగుతాడు. చిక్కుకున్నవాడు ఒడ్డుకు ఎదురీదితే అలసి మునిగిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ నుంచి బయటపడ్డాకే ఒడ్డు వైపు తిరగాలి. బావిలో ఈత నేర్చినవాడికి ఈ సంగతి తెలియదు. పెన్నలో ఈదినవాడికి కూడా పూర్తిగా తెలియదు.

ఆ బీచ్ ఇసుక సంగతి కూడా వినదగ్గది. తూర్పు తీరం వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ కోసం కట్టిన అడ్డుకట్టలు ఆ నడకను ఆపేశాయి, దాంతో ఓడరేవుకు ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ ఇసుక కోల్పోతూ కోతకు గురవుతోంది. అందుకని ఓడరేవు దగ్గర తవ్వి తీసిన ఇసుకను డ్రెడ్జర్లతో తెచ్చి బీచ్‌కు పోస్తుంటారు. మీరు కూర్చుని మిక్చర్ తినే చోటు కొంతవరకు యంత్రం పోసిన నేల. మన సోమశిలలోనో గండికోటలోనో నీటిని ఆపితే దిగువన ఏమవుతుందన్న ప్రశ్న వేసే విద్యార్థికి, ఇసుకను ఆపితే ఏమవుతుందన్నది అక్కడ కళ్లముందే జవాబుతో సహా కనిపిస్తుంది.

ఒడ్డు నుంచి ఇంకా లోపలికి వెళ్తే, విశాఖ ఎదుట సముద్రగర్భంలో లోయలున్నాయి. 1950లలో, 60లలో అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయం వారితో కలిసి బంగాళాఖాతాన్ని పరిశీలించినప్పుడు బయటపడిన ఆ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అంటే అక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యులు, కృష్ణ అంటే ఇందాక చెప్పిన ఉపాధ్యక్షులు. పాఠం చెప్పిన మాస్టారి పేరు సముద్రం అడుగున నిలిచిన విశ్వవిద్యాలయాలు మన దేశంలో ఎన్ని ఉంటాయో నాకు అనుమానమే.

ఇక నేను ఇంతసేపూ చెప్పాలని ఆగిన మాటకు వస్తాను. ఆటు వచ్చి నీరు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద సన్నని అలల గీతలు వరుసగా మిగులుతాయి. ఒకవైపు ఏటవాలు ఎక్కువ, ఒకవైపు తక్కువ; దాన్నిబట్టి నీరు ఎటునుంచి ఎటు పారిందో చెప్పవచ్చు. మాకు అక్కడ ఆచార్యులు మోకాళ్ల మీద కూర్చోబెట్టి, స్కేలు పెట్టి, గీతకూ గీతకూ ఎడమెంతో కొలిపించేవారు. అప్పుడది పనికిమాలిన పనిలా తోచింది. సెలవులకు ఇంటికొచ్చి రాయచోటి బస్సెక్కి గువ్వలచెరువు ఘాట్‌లో దిగి రోడ్డు పక్కన తెగ్గొట్టిన రాయిని చూస్తే, అవే గీతలు, అదే ఏటవాలు, రాయిగా గట్టిపడి ఉన్నాయి. కడప శిలావ్యవస్థలో అన్నింటికన్నా అడుగున ఉన్న పొర అది, ఊరి పేరుమీదనే దాన్ని గుల్చెరు క్వార్ట్‌జైట్ అంటారు. దాని పైన వేంపల్లె సున్నపురాళ్లు వస్తాయి. వాటిలో ఉల్లిపాయ పొరల్లా కనిపించే వలయాలు, లోతులేని నీటి అడుగున సూక్ష్మజీవులు పొరమీద పొరగా పేర్చిన స్ట్రొమాటొలైట్లు. వాటి వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. పులివెందుల నుంచి వేంపల్లె దాకా మీరు మోటారుసైకిల్ మీద పోయే దారంతా ఒకప్పటి సముద్రపు అడుగు. మన ఇళ్లలో పరిచే కడప బండలు కూడా, చాలా తర్వాతి కాలంలోనైనా, అలాంటి సముద్రపు నీళ్లలో పేరుకున్న బురదే. చుక్క నీటికి మొహం వాచిన నేల అని మనం చెప్పుకునే ఈ జిల్లా రాళ్లను చదవాలంటే సముద్రం ఎలా పనిచేస్తుందో తెలియాలి, అది తెలియడానికి దాని పక్కన కొంతకాలం బతకాలి. అందుకే ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి, ఇంకా ఎన్నో చోట్ల నుంచి భూగర్భశాస్త్ర విద్యార్థులు సుత్తులు పట్టుకుని గండికోటకు, మంగంపేట బెరైటీసు గనులకు వస్తుంటారు. వాళ్లు ఇటు వస్తున్నప్పుడు మనవాళ్లు అటు వెళ్లకపోవడం నాకు విచిత్రంగా ఉంటుంది.

భూగర్భశాస్త్రం కానివాళ్ల మాటేమిటని ముందు వరుసలో ఎవరో గొణుగుతున్నారు. చరిత్ర వాళ్లకు తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు భీమిలి దారిలో ఉన్నాయి. మన నందలూరు ఆరామాన్ని వాటితో పోల్చి చూసే పని ఎవరైనా మొదలుపెట్టవచ్చు. మానవశాస్త్రం, ఆర్థికశాస్త్రం వాళ్లకు క్యాంపస్ నుంచి నడిచిపోయేంత దూరంలో చేపలవేట మీద బతికే జాలారిపేట ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉన్నప్పుడు మరపడవలు ఒడ్డునే ఉండిపోతే, ఆ ఇళ్లు అప్పుల మీద ఎలా నడుస్తాయో చూసినవాడు మన వేరుశనగ రైతు అప్పును కొత్త కంటితో చూస్తాడు.

ఆడపిల్లల తల్లిదండ్రులు కొందరు వెనక కూర్చున్నారు. మీరు ప్రవేశాల సమయంలో వచ్చి హాస్టల్ స్వయంగా చూసి, వార్డెన్‌తో మాట్లాడి, అప్పుడే నిర్ణయించుకోండి. పేపర్లో చదివి భయపడటం, నా మాట విని ధైర్యపడటం రెండూ వద్దు.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు విశాఖను జాబితా చివర పడేయకండి. మీ ర్యాంకు బాగుంటే ముందే పెట్టండి. స్థానికేతరులకు దొరికే సీట్లు తక్కువ కాబట్టి దాని కింద తిరుపతి, అనంతపురం, కడప తప్పకుండా ఉంచుకోండి. స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసిపెట్టుకోండి, జులైలో ఆఫీసు కిటికీ దగ్గర నిలబడితే దొరకవు. ఇక మీరు అడగవలసినవి అడగవచ్చు. ముందు, ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్న ఆ అమ్మాయికి మైకు ఇవ్వండి.